ఐదు గొడ్డళ్లకు ఒకే సాన పడితే ఏమైంది: ఒక కేస్ స్టడీ

నవంబరు చివర ఒక సాయంత్రం కట్టెల మేస్త్రి ఒకాయన మా షెడ్డు ముందు బండి ఆపి, గోనెసంచి ఒకటి దభీమని కింద పడేశాడు. లోపల ఐదు గొడ్డళ్లు.

"అన్నా, సాన పట్టించి పదిరోజులు కాలా. ఒకటి దిగబడితే ఊడి రాదు. ఒకటి దెబ్బ దెబ్బకీ జారతా ఉంది. ఇదిగో దీన్ని చూడు, అంచు పళ్లు పళ్లుగా లేచిపోయింది. ఇనుమే మంచిది కాదంటావా?"

ఇనుము మంచిదే. ఐదింటిలో నాలుగు లారీ కమాను పట్టీతో కొట్టించినవి. ఆ ఉక్కుతో మా నాయన కొలిమి మీద ఎన్ని గొడ్డళ్లు చేశాడో లెక్కలేదు. సరిగ్గా కాల్చి నూనెలో ముంచితే దానికి వంక పెట్టలేం. ఇక్కడ తప్పు ఇనుములో లేదు. ఐదింటికీ ఒకే సాన పట్టారు, అంతే. రోడ్డు పక్క గ్రైండరు ఉన్న ఒక షాపులో వరసగా ఐదూ చక్రానికి ఆనించి, ఐదింటినీ కూరగాయల కత్తిలా పల్చన చేసి ఇచ్చారు.

మేస్త్రికి తొందర ఉంది. అతని ముఠా ఎనిమిది మంది, టంగుటూరు, సింగరాయకొండ చుట్టుపక్కల వర్జీనియా పొగాకు బ్యారన్లకు, అంటే ఆకును సెగతో ఆరబెట్టే కొట్లకు, పుల్ల కొట్టి వేస్తారు. బ్యారన్లో ఆకు ఎక్కించి పొయ్యి ముట్టించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ సెగ తగ్గకూడదు. పచ్చికట్టె పెడితే పొగ వస్తుంది కానీ సెగ రాదు. అందుకని పుల్ల చాలా ముందే కొట్టి, చీల్చి, ఎండబెట్టి ఉంచాలి. పది రోజులు పని సాగకపోతే రైతుకు టెన్షన్, మేస్త్రికి అంతకన్నా టెన్షన్. అయినా గొడ్డళ్లు ఉంచి వెళ్లమన్నాను. ఆ రాత్రి పని మొదలుపెట్టలేదు, కొలతలు తీసుకున్నాను.

గొడ్డలి చెడిందంటే చాలామంది అంచును చూస్తారు. నేను ముందు అంచు వెనక ఉన్న అంగుళాన్ని చూస్తాను. చెట్టు తెగడం, దుంగ చీలడం, గొడ్డలి ఇరుక్కోవడం, జారి కాలి మీదకు రావడం, అన్నీ అక్కడే తేలతాయి. అంచు గడ్డం గీసేంత వాడిగా ఉన్నా వెనక ఒళ్లు పనికి తగ్గట్టు లేకపోతే ఆ గొడ్డలి మనిషిని అలవగొడుతుంది. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. ఐదు పనుల గొడ్డళ్లు ఒకేసారి, ఒకే తప్పుతో నా దగ్గరకు రావడం నాకు ఇదే మొదటిసారి.

సంచిలో ఉన్నవి

మొదటిది చెట్టు పడగొట్టే గొడ్డలి, తల 1.6 కిలోలు. వీళ్లు ఎక్కువగా కొట్టేది సర్కారు తుమ్మ. రెండోది దుంగలు చీల్చి పేళ్లు చేసే గండ్రగొడ్డలి, 2.7 కిలోలు. మూడోది 700 గ్రాముల చేతిగొడ్డలి. సరుగుడు తోటల్లో పని దొరికినప్పుడు బాదులకు (పొడవాటి నిలువు కర్రలకు) ఉన్న సన్న కొమ్మలు గీరడానికి వాడతారు. నాలుగోది ముఠాలో అందరికన్నా పెద్దాయనది. ఒకవైపు బల్లపరుపుగా, రెండోవైపు మాత్రమే ఏటవాలుగా ఉండే చెక్కుడు గొడ్డలి. ఆయన దాంతో కామలు (గొడ్డలికి పట్టుకునే కర్రలు), మంచం కోళ్లు, పాక వాసాలు చదును చేస్తాడు. ఐదోది మోళ్లు తవ్వేటప్పుడు మట్టిలో వేళ్లు నరికే పాత గొడ్డలి.

ప్రతి గొడ్డలికీ అంచు నుంచి సరిగ్గా 10 మిల్లీమీటర్లు వెనక్కి గీత గీసి, అక్కడ మందం ఎంత ఉందో వెర్నియర్‌తో చూస్తాను. కోణం కొలిచే పరికరం అక్కర్లేదు, ఈ ఒక్క కొలత చాలు. రెండువైపులా సమంగా వాలిన అంచు అయితే 10 మి.మీ. దగ్గర మందం 3.5 ఉంటే మొత్తం కోణం 20 డిగ్రీలు. 4.4 ఉంటే 25, 5.4 ఉంటే 30, 6.3 ఉంటే 35, 7.3 ఉంటే 40 డిగ్రీలు. ఈ ఐదు అంకెలూ మా షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి.

మొదటి మూడూ 3.4 దగ్గర తేలాయి. అంటే 20 డిగ్రీల కన్నా కాస్త తక్కువ. అదీ నిండుగా లేదు. గ్రైండరు చక్రం గుండ్రంగా ఉంటుంది కదా, దాని వంపు అంచు వెనక లోయలా దిగింది. స్కేలు ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే కింద వెలుతురు కనిపించింది. ఉండాల్సింది దీనికి పూర్తిగా తిరగబడి. గొడ్డలి అంచు వెనక చేప పొట్టలా కొంచెం ఉబ్బు ఉండాలి. ఆ ఉబ్బు ఉంటే కర్ర లోపల ఇనుము కొద్ది మేరే తగులుతుంది, కామ కాస్త కదిపితే ఊడి వస్తుంది. లోయ ఉంటే కర్ర రెండువైపులా పీల్చి పట్టేస్తుంది. మేస్త్రి చెప్పిన "దిగబడితే ఊడి రాదు" అన్న జబ్బు ఇదే.

తర్వాత చెట్టు గొడ్డలిని పగటి వెలుతురులో చూశాను. అంచు పైమూల దగ్గర బొటనవేలి గోరంత మేర నీలం రంగు ఉంది. ఆ రంగు కనబడగానే నాకు ప్రాణం ఉసూరుమంది. ఉక్కు దాదాపు 300 డిగ్రీల వేడికి చేరితే పైన నీలి రంగు పొర వస్తుంది. కమ్మరి కష్టపడి తెచ్చిన గట్టిదనం అక్కడ తగ్గిపోయిందన్నమాట. మూలలు పల్చన, వేడి పోవడానికి వెనక ఇనుము ఉండదు, అందుకే ఎప్పుడూ ముందు కాలేది అవే. ఆకురాయితో మెల్లగా ఒక్కసారి రుద్ది చూశాను. అంచు మధ్యలో ఆకురాయి గీరుకుంటూ, అయిష్టంగా పట్టింది. గట్టి ఉక్కు అలాగే పట్టాలి. నీలం మీదకు రాగానే సబ్బు మీద కత్తిలా మెత్తగా దిగిపోయింది. ఆ మూల ఎంత నూరినా రెండు పూటలకు మించి నిలవదు.

చెట్టు గొడ్డలి

చెట్టు కొట్టేటప్పుడు గొడ్డలి పీచును అడ్డంగా కోయాలి. గాటు పెట్టేటప్పుడు దెబ్బ ఏటవాలుగా పడుతుంది, పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, మధ్యలో ముక్క ఎగిరిపడాలి. లోతుగా దిగాలంటే పల్చన కావాలి, ముక్క ఎగరాలంటే వెనక పొట్ట కావాలి. మెత్తటి పచ్చి కర్రకు 25 డిగ్రీలు బాగా పనిచేస్తుంది. కానీ సర్కారు తుమ్మ వేరు. కాండం వంకరలు, అడుగడుక్కీ కణుపు, లోపల చేవ ఇటుకలా ఉంటుంది. కణుపు మీద దెబ్బ పడినప్పుడు పల్చటి అంచు పక్కకు ఒరుగుతుంది, చిన్న పెచ్చు లేచిపోతుంది. ఈ గొడ్డలికి అలాంటి గంట్లు ఏడు ఉన్నాయి, పెద్దది 2 మి.మీ. లోతు. నేను 27 డిగ్రీలు అనుకున్నాను. అంటే 10 మి.మీ. దగ్గర 4.8.

ఒక మాట ముందే చెప్పాలి. గొడ్డలికి ఇనుము తీయగలం, అతికించలేం. పల్చన చేసిన అంచును మందం చేయాలంటే అంచునే వెనక్కి తెచ్చుకోవాలి. మేస్త్రికి అది చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పల్చటి భాగం పోవడానికి, గంట్లు పోవడానికి కలిపి 4 మి.మీ. పోయింది. ఆ నాలుగుతో నీలం పోలేదు, లోపలికి ఇంకా ఉంది. అందుకే ఈ ఒక్కదాన్ని కొలిమిలో పెట్టాను.

అంచు నుంచి అంగుళంన్నర మేర మాత్రమే కాల్చాను. అయస్కాంతం అంటుకోవడం మానేసే దాకా కాల్చి, ఇంకాస్త సెగ ఇచ్చి, గోరువెచ్చని నూనెలో అంచు ముందుగా ముంచాను. కమాను పట్టీ ఉక్కును నీళ్లలో ముంచకూడదు, చిట్లే ప్రమాదం ఉంది. కామ దూర్చే బెజ్జం దగ్గర ఇనుము మెత్తగానే ఉండాలి, అది దెబ్బ అదురు తట్టుకునే చోటు. ముంచి తీసిన అంచు గాజులాంటిది, అలా వాడితే మొదటి కణుపుకే విరుగుతుంది. దాన్ని ఒకవైపు తెల్లగా రుద్ది, వెనక భాగాన్ని నిప్పుల మీద పెట్టి రంగులు చూశాను. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత బెల్లం రంగు, ఆ వెంటే వంకాయ రంగు మొదలవుతుంది. బెల్లం రంగు అంచుకు చేరి, దాని వెనక వంకాయ రంగు కనబడుతుండగా తీసేశాను. చేవ కొట్టే గొడ్డలికి నాకు నచ్చే చోటు అది. ఉలికైతే గడ్డి రంగు దగ్గరే ఆపుతాను. ఉలి మీద దెబ్బ వేరు.

ఆ తర్వాత పని అంతా చేతిదే. గొడ్డలిని బల్లకు క్లాంపు వేసి, 12 అంగుళాల గరుకు ఆకురాయితో మొదలుపెట్టాను. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. లేకపోతే పళ్లు అరిగి ఆకురాయే చచ్చిపోతుంది. ఎడమచేతికి తోలు గ్లవ్ వేసుకున్నాను. అంచు వైపు తోసే పనిలో చేయి జారితే కుట్లు పడతాయి. ముందు అంచుకు బాగా వెనక, ఒళ్లు మీద 20 డిగ్రీల వాలు తీశాను. తర్వాత అంచు దగ్గర 27 వాలు. ఈ రెండూ కలిసే చోట ఒక గీత, గట్టులా నిలబడుతుంది. ఆ గట్టును కార్బొరండం రాయితో గుండ్రంగా తిప్పుతూ కరిగించాను. రాయి ఊగాలి, కానీ అంచు దాటి ఊగకూడదు. గట్టు కరిగిపోతే పొట్ట దానంతట అదే వస్తుంది.

రాయి ఎక్కడ తగులుతోందో తెలియకపోతే మార్కర్ పెన్ను వాడండి. వాలు అంతా నల్లగా పూసి, రాయితో పదిసార్లు రుద్దితే తగిలిన చోట నలుపు పోతుంది. అంచు దగ్గర నలుపు మిగిలిందంటే మీరు వెనకే రుద్దుతున్నారు. ఒక్క అంచు దగ్గరే పోయిందంటే రాయిని మరీ నిలబెట్టారు. నాతో పనిచేసే కుర్రాడికి నెల రోజులు నోటితో చెప్పినా ఎక్కనిది ఈ పెన్ను ఒక్క పూటలో నేర్పింది.

ఒకవైపు సరిపడా రుద్దితే రెండోవైపు వేలికి గరుగ్గా సన్నని పొర తగులుతుంది. ఆ పొర అంచు పొడవునా తగిలితేనే అవతలి వైపుకు మారాలి. చివరకు మెత్తని రాయితో రెండువైపులా మార్చి మార్చి రుద్ది, పాత తోలు బెల్టు మీద లాగితే పొర రాలిపోతుంది. ఆఖరు పరీక్ష బల్బు కింద. అంచును మీ కళ్లకు ఎదురుగా పెట్టి చూడండి. మొద్దుబారిన చోట తెల్లటి దారంలా మెరుస్తుంది. పదునున్న అంచు మీద వెలుతురు నిలవడానికి చోటు ఉండదు, అది కనబడదు.

గండ్రగొడ్డలి, నేను చేసిన తప్పు

చీల్చే గొడ్డలికి అంచు పని మొదటి క్షణమే. పీచుల మధ్య దారి చేసుకున్నాక కర్రను విడదీసేది వెనక ఉన్న మందం. చీలిక ముందుకు పరిగెత్తుతుంది, అంచు ఇక కర్రను తాకనే తాకదు. ఇది నాకు తెలుసు. తెలిసీ అతి చేశాను. ఎటూ మందమే కదా అని అంచునే 45 డిగ్రీలు చేసి ఇచ్చాను. 10 మి.మీ. దగ్గర 8.3. చూడ్డానికి ఎంతో బలంగా ఉంది.

మూడోరోజు పొద్దున్నే మేస్త్రి ఫోన్. "అన్నా, పచ్చి తుమ్మ బానే చీలతా ఉంది. చింతమొద్దు మీద వేస్తే ఎగిరి మీదకొస్తా ఉంది. మా వోడి మోకాలికి తగలాల్సింది, కొద్దిలో తప్పింది."

ఆ ఫోన్ తర్వాత నాకు అన్నం సయించలేదు. బండి వేసుకుని వెళ్లాను. రోడ్డు వెడల్పులో పోయిన పాత చింతచెట్టు మొద్దులు అవి, బాగా ఎండినవి. చింతలో పీచు నిలువుగా ఉండదు, ఒకదానిలో ఒకటి జడలా అల్లుకుని ఉంటుంది. చీలిక తిన్నగా పరిగెత్తదు, కాబట్టి అంచు కొంత దూరం తనంతట తాను కోసుకుంటూ దిగాలి. నేనిచ్చిన మొద్దు అంచుకు ఆ కోత లేదు. ఎండిన మొద్దు మీద దిగలేక, దెబ్బలోని బలమంతా వెనక్కి తన్నింది.

గొడ్డలి తెచ్చి మళ్లీ చేశాను. ఈసారి అంచు మొదటి 10 మిల్లీమీటర్లు 32 డిగ్రీలకు దించాను. దాని వెనక ఒళ్లు మాత్రం తగ్గనివ్వలేదు. 10 మి.మీ. దగ్గర 5.7, 30 మి.మీ. దగ్గర 15 మందం. అంటే ముందు కత్తి, వెంటనే మేకు. అంచును కూడా మరీ సన్నని రాయిదాకా తీసుకుపోలేదు, గరుకు రాయి దగ్గరే ఆపాను. చీల్చే గొడ్డలికి గడ్డం గీసే వాడి అక్కర్లేదు. దాన్ని పట్టుకుని నేనే వెళ్లి అదే మొద్దు మీద వేశాను. మొదటి దెబ్బకు రెండు వేళ్ల లోతు దిగి నిలబడింది, ఎగరలేదు. ఐదో దెబ్బకు అంచునుంచి ఒక పేడు విడిపోయింది. చింతను నడిమధ్యన కొట్టకూడదు, చుట్టూ అంచుల నుంచి ఒలుచుకుంటూ రావాలి. అది మేస్త్రికి నాకన్నా బాగా తెలుసు. కొమ్మ చీలిన పంగ ముక్కలు మూడు మాత్రం ఏ గొడ్డలికీ లొంగలేదు. వాటిని ఇనప మేకులు పెట్టి సమ్మెటతో కొట్టారు.

దీన్నుంచి నా పద్ధతి ఒకటి మారింది. చీల్చే గొడ్డలి ఎవరు తెచ్చినా ఇప్పుడు ముందు అడిగేది, ఏ కర్ర, పచ్చిదా ఎండుదా అని. సుబాబుల్ లాంటి నిలువు పీచు పచ్చి కర్రకు మందం అంచు చాలు. చింత, ఎండిన వేప అంటే ముందు భాగం కోయాలి.

పెద్దాయన గొడ్డలి

ఐదింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది. చెక్కుడు గొడ్డలికి ఒకవైపు అద్దంలా బల్లపరుపు ఉండాలి. ఆ వైపే దుంగకు ఆనుతుంది. గీసిన గీత వెంట నిలువుగా చెక్కుకుంటూ పోతే గోడలాంటి చదును వస్తుంది. కుడిచేతి వాటం మనిషికి బల్లపరుపు ఎడమవైపు, వాలు కుడివైపు. సాన పట్టినాయనకు ఇది తెలిసినట్టు లేదు, బల్లపరుపు వైపు కూడా 3 మి.మీ. వెడల్పు వాలు తీశాడు. ఇప్పుడు ఆ గొడ్డలి దుంగకు ఆనదు. ఆనించి వేస్తే ఆ చిన్న వాలు మీద ఎక్కి బయటికి జారుతుంది. బయట ఉండేది మనిషి కాలు. "దెబ్బ దెబ్బకీ జారతా ఉంది" అని మేస్త్రి చెప్పింది దీని గురించే.

పెద్దాయన తర్వాతి రోజు తనే వచ్చి బల్ల పక్కన కూచున్నాడు. "నలభై ఏళ్లు చేతిలో ఉంది నాయనా ఇది. రెండు కామలు మార్చా గానీ ఆ వైపు రాయి తాకించలా" అన్నాడు. నేను ఏం మాట్లాడలేకపోయాను.

దారి ఒక్కటే. ఆ దొంగ వాలు పోయేదాకా అంచును వెనక్కి తీసి, బల్లపరుపును మళ్లీ చదును చేయాలి. ఆకురాయితో చదును రాదు, చేతి ఊపుకు అంచులు గుండ్రమవుతాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పాలిష్ పట్టిన ముక్కలు మా జిల్లాలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అంత చదునైన రాయి ఇంకెక్కడ వెతకాలి? ఆ పలక మీద ఎమరీ పేపర్ పరిచి, నీళ్లు చల్లి, గొడ్డలి ముఖం ఆనించి రుద్దాను. 120 నంబరు గరుకు పేపర్‌తో మొదలుపెట్టి 220, తర్వాత 400. ముఖమంతా ఒకే రకం గీతలు వచ్చేవరకు మూడు గంటలు పట్టింది. పెద్దాయన మధ్యమధ్యలో చూపుడువేలి గోరు అడ్డంగా లాగి చూస్తూ, "ఇక్కడ ఇంకా పల్లం ఉంది" అని చెప్పేవాడు. వెర్నియర్ చెప్పనిది ఆ గోరు చెప్పింది.

వాలు వైపు 25 డిగ్రీలు. ఒకేవైపు వాలు కాబట్టి 10 మి.మీ. దగ్గర మందం 4.7. ఇక్కడ పొట్ట వద్దు, వాలు తిన్నగా ఉండాలి. రెండు మూలలు మాత్రం వెంట్రుకవాసి పైకి లేపాను, చెక్కేటప్పుడు మూల గుచ్చుకుని చదును మీద గాడి పడకుండా. పొర తీసేటప్పుడు కూడా బల్లపరుపు వైపు రాయి పూర్తిగా పడుకోబెట్టే రుద్దాను.

మిగతా రెండు

చేతిగొడ్డలి మీద నాకు పెద్ద పని లేదు. పచ్చి సరుగుడు సన్నకొమ్మలకు పల్చటి అంచు బాగానే కోస్తుంది. లోయ పోయేలా రాయితో రుద్ది, అంచును 23 డిగ్రీలకు తెచ్చి వదిలేశాను. దీంతో లావు కొమ్మ కొట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

మోళ్ల గొడ్డలికి 40 డిగ్రీలు. అది మట్టిలో, రాళ్లలో బతికే గొడ్డలి. దానికి పదును కన్నా మొండితనం ముఖ్యం. మంచి గొడ్డలితో వేళ్లు నరికితే ఒక్క పూటలో నాశనమవుతుంది. కాబట్టి ప్రతి ముఠాకీ ఇలాంటిది ఒకటి వేరుగా ఉండాలి. గుర్తు కోసం దాని కామకు ఎర్ర రంగు పూశాను, హడావిడిలో ఎవరైనా పొరపాటున మారిస్తే కనబడేలా.

పని చోట చూసింది

వారం తర్వాత పాకల అనే ఊరి వైపు ఒక పొలం గట్టున వాళ్ల పని చూడటానికి వెళ్లాను. చెట్టు గొడ్డలి శబ్దమే మారింది. గాటులోంచి అరచేయంత చెక్కలు ఎగిరిపడుతున్నాయి. కట్టెలు పేర్చే అక్క ఒకామె వాటిని గంపకు ఎత్తుకుంటూ, "ముందు పొట్టు పడేదయ్యా, ఇప్పుడు చెక్క పడతా ఉంది, పొయ్యికి బాగా వస్తది" అంది. గొడ్డలి సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి అంతకన్నా మంచి కొలత నాకు తెలియదు. సన్న పొట్టు రాలుతుంటే మనిషి బలమంతా కర్రను నలపడానికే పోతున్నట్టు.

కానీ అంచు మధ్యాహ్నానికే మెరవడం మొదలుపెట్టింది. కారణం కోసం పావుగంట కూచుని చూశాను. సముద్రపు గాలికి వచ్చే ఇసుక కాండం మొదట్లో బెరడు పగుళ్లలో నిండి ఉంది. ప్రతి దెబ్బా ముందు ఇసుకను కొట్టి తర్వాత కర్రను కొడుతోంది. మోళ్ల గొడ్డలితో ముందు గాటు పెట్టే చోట బెరడు గీరేసి, తర్వాత మంచి గొడ్డలి తీసుకోమన్నాను. దీనికి చెట్టుకు నిమిషం పడుతుంది. ఇంకోటి, నీళ్లు తాగడానికి వెళ్లేటప్పుడు గొడ్డలిని ఇసుకలో గుచ్చి వెళుతున్నారు. అది మానిపించడం బెరడు గీయించడం కన్నా కష్టమైంది. చివరికి మేస్త్రి ఒక దుంగను అడ్డంగా పడేసి, గొడ్డళ్లన్నీ దాని మీదే నాటాలని పెట్టాడు. చీల్చేటప్పుడు కూడా కింద ఒక మొద్దు వేసి దాని మీద పెట్టి కొడితే, దెబ్బ దాటినా అంచు నేలకు తగలదు.

అక్కడ కరెంటు ఉండదు. ఒక రెండువైపుల కార్బొరండం రాయి, నీళ్ల సీసా ఇచ్చి, పదింటికి ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి రెండు నిమిషాలు రుద్దుకోమని చెప్పాను. కుర్రాళ్లలో ఒకడికి ఆసక్తి ఉంది. వాడికి బిస్కెట్ డబ్బా రేకుతో కొలబద్ద చేసిచ్చాను. రేకు అంచులో లోపలికి 10 మి.మీ. లోతు, నోటి దగ్గర 4.8 మి.మీ. వెడల్పు ఉండే మూడుమూలల గాడి ఒకటి. దాని పక్కనే గండ్రగొడ్డలికి 5.7 వెడల్పు గాడి. గొడ్డలి అంచును గాడిలోకి తోస్తే మొదలంటా కూచోవాలి. గాడి మొదట్లో సందు మిగిలి, రెండు పక్కలా ఇనుము ఆనుకుంటే అంచు వెనక మందం పెరిగినట్టు.

ఫిబ్రవరిలో

బ్యారన్లు జోరుగా వెలుగుతున్న రోజుల్లో ఆ కుర్రాడే చెట్టు గొడ్డలి తెచ్చాడు. "మామా, అంచు వాడిగానే ఉంది, గాడిలో మాత్రం కూచోవడం లేదు" అన్నాడు. వెర్నియర్ పెట్టి చూస్తే 5.3. రెండు నెలల్లో 27 డిగ్రీలు 30కి దగ్గర పడ్డాయి. రోజూ అంచు కొస మాత్రమే రుద్దితే ఇలాగే జరుగుతుంది. అంచు కొంచెం కొంచెం వెనక్కి పోతుంది, వెనకున్న మందం మాత్రం అలాగే ఉండిపోతుంది. గొడ్డలి మెల్లగా బరువెక్కినట్టు అనిపిస్తుంది కానీ ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఆకురాయి వాడి చేతికే ఇచ్చాను. వెనక ఒళ్లు మీద, అంచును తాకకుండా, ఒక్కోవైపు నలభై తోపులు తోయించాను. మధ్యలో రెండుసార్లు మార్కర్ పూసి చూసుకున్నాడు. గట్టు కరిగించడం మాత్రం నేను చేశాను, దానికి వాడి మణికట్టు ఇంకా అలవాటు పడాలి. మళ్లీ కొలిస్తే 4.8. గొడ్డలి గాడిలో కూచోబెట్టి, రేకును బల్బుకు ఎదురుగా పట్టుకుని, ఎక్కడా వెలుతురు రావడం లేదని చూపించి, సంచిలో చుట్టుకుని వెళ్లాడు. గోడ మీద పంచాంగంలో ఏప్రిల్ మొదటి వారం దగ్గర వాళ్ల మేస్త్రి పేరు రాసి పెట్టుకున్నాను. ఈసారి చేతిగొడ్డలి కూడా చూడాలి.